గ్రామర్ తప్పు లేదు, అయినా మాట చదునుగా ఉందంటున్నారు: ఇంగ్లీషు వాక్యంలో ఊనిక ఎక్కడ పడాలి?

మీ ప్రశ్న ఇదీ. విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద ఒక కంపెనీలో వాయిస్ ప్రాసెస్ (ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం) ఇంటర్వ్యూకి వెళ్లారు. గ్రామర్ బాగుంది, పదాలూ బాగున్నాయి, కానీ "ఫ్లాట్‌గా మాట్లాడుతున్నారు, సెంటెన్స్ స్ట్రెస్ లేదు" అన్నారు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో వాకబు చేస్తే ఒకచోట ఇంకా ఫాస్ట్‌గా మాట్లాడమన్నారు, ఇంకోచోట అమెరికన్ యాక్సెంట్ నేర్చుకోమన్నారు. ఈ స్ట్రెస్ అసలేమిటి, రెండు నెలల్లో పట్టుబడుతుందా అని అడుగుతున్నారు. ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకునే పరిచయం కూడా పంపారు.

ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. చదును మాటకి వేగం పెంచితే అది వేగంగా చదునుగా వస్తుంది, అంతే. యాక్సెంట్ సంగతి పూర్తిగా వేరు. "ర"ని నాలిక మడిచి పలికినా, "వాటర్"ని "వాడర్" అన్నా, వాక్యంలో ఊనిక, అంటే వాళ్లన్న ఆ స్ట్రెస్, తప్పుచోట పడితే వినేవాడికి అర్థం కాదు. విశాఖ యాసలోనే మాట్లాడుతూ ఊనిక సరైన చోట పెడితే అర్థమవుతుంది.

ముందు తెలుగులోంచే మొదలుపెడదాం. "నేను రేపు భీమిలి వెళ్తున్నాను" అనేది మామూలు మాట. దాన్నే "నేనే రేపు భీమిలి వెళ్తున్నాను" అనొచ్చు, "నేను రేపే భీమిలి వెళ్తున్నాను" అనొచ్చు, "నేను రేపు భీమిలికే వెళ్తున్నాను" అనొచ్చు. చివర తగిలించిన ఆ చిన్న "ఏ" ఎంత పని చేస్తోందో చూడండి. ఇంకెవరో కాదు నేనే, ఎల్లుండి కాదు రేపే, అరకు కాదు భీమిలికే. ప్రశ్నలో "ఆ" కూడా అదే పని చేస్తుంది: "రేపా నువ్వు వెళ్తున్నది?", "భీమిలికా?" ఏ మాట మీద అనుమానమో ఆ మాటకే తగులుతుంది.

ఇంగ్లీషుకి ఈ "ఏ", "ఆ" లేవు. అక్కడ పదం మారదు, వరస కూడా పెద్దగా మారదు, గొంతు మారుతుంది. కింద ఉదాహరణల్లో గొంతు మారే భాగాన్ని చదరపు బ్రాకెట్లో పెడుతున్నాను.

[ఐ] యామ్ గోయింగ్ టు భీమిలి టుమారో. (నేనే)
ఐ యామ్ గోయింగ్ టు భీమిలి [టుమారో]. (రేపే)
ఐ యామ్ గోయింగ్ టు [భీమిలి] టుమారో. (భీమిలికే, లేదా మామూలుగా చెప్పినా ఇంతే)

సెంటెన్స్ స్ట్రెస్ అంటే ఇదే. అది అలంకారం కాదు, వాక్యంలో ఒక భాగం. అది లేకుండా ఇంగ్లీషు మాట్లాడితే, "ఏ"లూ "ఆ"లూ తీసేసి తెలుగు మాట్లాడినట్టు ఉంటుంది. మీరు ఏ సంగతి గురించి చెబుతున్నారో తెలుస్తుంది, ఏం చెప్పదలిచారో తెలీదు. వాళ్లు "ఫ్లాట్" అన్నది దీన్నే.

ఊనిక అనగానే మనవాళ్లు మొదట చేసే పని గట్టిగా అరవడం. అసలు గోల అక్కడే మొదలవుతుంది. ఊనికలో నాలుగు కలిసి ఉంటాయి: అచ్చు సాగడం, గొంతు స్థాయి మారడం, అచ్చు స్పష్టంగా పలకడం, శబ్దం పెరగడం. వీటిలో శబ్దం చేసే పని చాలా తక్కువ. డి.బి. ఫ్రై అనే ధ్వనిశాస్త్రవేత్త 1950ల్లో లండన్‌లో చేసిన ప్రయోగాల్లో, ఊనిక ఎక్కడుందో పోల్చుకోవడానికి వినేవాళ్లు శబ్దం కంటే అచ్చు నిడివినీ, గొంతు స్థాయి మార్పునీ ఎక్కువ నమ్ముకున్నారని తేలింది. కాబట్టి [టుమారో] అన్నప్పుడు నడిమి "మా"ని సాగదీయండి, అక్కడ గొంతుని ఒక మెట్టు ఎక్కించి దించండి. శబ్దం దానంతటదే కాస్త పెరుగుతుంది, మీరు పెంచక్కర్లేదు. హెడ్‌సెట్‌లో అరిస్తే అవతలివాళ్లకి కోపంగా ఉన్నట్టే వినిపిస్తుంది.

సాగదీయడం మనకెందుకు కష్టమో కూడా తెలిస్తే మంచిది. తెలుగులో నిడివి పదంతోపాటే పుడుతుంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. "కల" ఎక్కడున్నా కలే, "కాల" ఎక్కడున్నా కాలే. వాక్యం అర్థాన్ని బట్టి "కల"ని "కాల" చేశామంటే మాటే మారిపోతుంది. అందుకే మన నాలిక ప్రతి అక్షరానికీ దాని మాత్రలు దానికి ఇచ్చేసి ముందుకి వెళ్తుంది. ఇంగ్లీషులో నిడివి వాక్యంలోకి వచ్చాక తేలుతుంది. ఊనిక పడిన అక్షరం సాగుతుంది, మిగతావి నలిగిపోతాయి. కెన్నెత్ పైక్ అనే అమెరికన్ భాషావేత్త 1945లో ఈ రెండు రకాల నడకలకీ పేర్లు పెట్టాడు: ఊనికల లెక్కన నడిచే భాషలు, అక్షరాల లెక్కన నడిచే భాషలు. ఇంగ్లీషుది మొదటి రకం.

ఫిషింగ్ హార్బర్ మీద ఒక ఉదాహరణ. బల్ల మీద వేలితో మూడు దెబ్బలు సమానంగా కొడుతూ వీటిని వరసగా చెప్పండి:

[బోట్స్] [క్యాచ్] [ఫిష్].
ద [బోట్స్] [క్యాచ్] [ఫిష్].
ద [బోట్స్] విల్ [క్యాచ్] సమ్ [ఫిష్].
ద [బోట్స్] విల్ అవ్ [కాట్] సమ్ [ఫిష్].

మొదటిదాంట్లో మూడు అక్షరాలు, చివరిదాంట్లో ఏడు. అయినా దెబ్బలు మూడే. మధ్యలో వచ్చినవన్నీ ఆ సందుల్లోనే ఇరుక్కోవాలి. ప్రయోగశాలలో కొలిస్తే చివరి వాక్యానికి సమయం కాస్త ఎక్కువే పడుతుంది, పుస్తకాల్లో రాసినంత కచ్చితమైన తాళమేమీ ఉండదు. కానీ అభ్యాసానికి ఈ తాళం చాలు. మీరు నాలుగో వాక్యం చెబుతున్నప్పుడు వేలు ఏడు దెబ్బలు కొట్టేస్తుంటే రోగం తెలిసిపోయినట్టే.

మరి ఏవి నలగాలి? వ్యాకరణం పని మాత్రమే చేసే చిన్న మాటలు: ఏ, ది, టు, ఆఫ్, ఫర్, ఎట్, ఎండ్, హి, దెమ్, ఈజ్, వాజ్, హ్యావ్, క్యాన్. మనం వీటిని స్పెల్లింగ్ చూసి నిండుగా పలుకుతాం. "ఐ హ్యావ్ ఏ డౌట్"లో ఆ "ఏ" మీద పడే బరువు వినండి, "ఒకే ఒక్క డౌటు" అన్నట్టు ఉంటుంది. మామూలు మాటలో అది పొట్టి "అ" మాత్రమే. టు అనేది "ట" అవుతుంది, ఆఫ్ "అవ్", ఎండ్ "అన్", వాజ్ "వజ్", దెమ్ "దమ్". నోరు పెద్దగా తెరవకుండా, నాలిక మధ్యలో వదిలేసి అనే ఈ సోమరి అచ్చుకి ష్వా అని పేరు. ఇంగ్లీషు మాటలో ఇంతగా వినిపించే అచ్చు మరొకటి లేదు, అయినా దానికంటూ ఒక అక్షరం లేదు. తెలుగు లిపిలో ఇంగ్లీషు రాసుకుని బట్టీ పడితే చెడేది ఇందుకే. మన లిపిలో ప్రతి అచ్చూ నిండుగానే కనిపిస్తుంది.

వీటిలో వెంటనే దిద్దుకోవాల్సింది ఒకటుంది: క్యాన్, కాంట్. "ఐ కన్ [కమ్] టుమారో" అంటే రాగలను. "ఐ [కాంట్] [కమ్] టుమారో" అంటే రాలేను. అమెరికన్లు కాంట్‌ని "క్యాంట్" అంటారు, చివరి "ట్" చాలాసార్లు వినిపించను కూడా వినిపించదు. వాళ్లు తేడా పట్టేది ఊనికతోనే. మీరు "ఐ [క్యాన్] కమ్" అని నిండుగా అంటే అవతలివాళ్లకి రాలేనన్నట్టు వినిపిస్తుంది. ఫోన్లో "వి [క్యాన్] రిఫండ్" అని ఒకసారి చెప్పి చూడండి, గొడవ ఎలా మొదలవుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి తోడు మనది ఇంకో అలవాటు, హల్లుతో ముగిసే మాటకి ఉకారం తగిలించడం: బిల్లు, టికెట్టు, లైటు. తెలుగులో మాట్లాడేటప్పుడు అది ముచ్చటగానే ఉంటుంది. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం "ద బిల్లు వజ్ సెంటు" అంటే లేని అక్షరాలు రెండు వచ్చి తాళం తప్పిస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఒక్క గుక్కలో చెప్పే ప్రతి ముక్కలోనూ అన్నిటికంటే పెద్ద ఊనిక ఒకటే ఉంటుంది. నామవాచకాలు, క్రియలు, విశేషణాలు వంటి బరువైన మాటలకి చిన్నచిన్న ఊనికలు పడినా, గొంతు పెద్దగా తిరిగేది ఒక్కచోటే. దాన్ని న్యూక్లియస్ అంటారు. మీకు రెండు నెలలే ఉన్నాయి కాబట్టి నా మాటగా చెబుతున్నాను: ముందు దీన్ని పట్టండి, చిన్న మాటల్ని నలపడం తర్వాత చూసుకోవచ్చు. జెన్నిఫర్ జెంకిన్స్ అనే ఉచ్చారణ పరిశోధకురాలు 2000లో, వేర్వేరు మాతృభాషలవాళ్లు ఒకరికొకరు అర్థం కావడానికి ఇంగ్లీషు ఉచ్చారణలో ఏవి తప్పనిసరో జాబితా వేసినప్పుడు న్యూక్లియస్‌ని అందులో ఉంచింది, చిన్న మాటల్ని నలపడాన్ని ఉంచలేదు. అయితే వినడానికి ఆ నలుపుడు తెలిసి ఉండాలి, లేకపోతే అవతలివాళ్ల మాట మీకు సగమే దొరుకుతుంది.

న్యూక్లియస్ మామూలుగా ముక్కలోని చివరి బరువైన మాట మీద పడుతుంది. ఇక్కడ మూడు చోట్ల తప్పులు జరుగుతాయి.

ఒకటి, ముందే వచ్చేసిన మాట మీద ఊనిక పెట్టడం. ఇంగ్లీషులో కొత్త సంగతికే ఊనిక, పాతదానికి ఉండదు. "డు యు వాంట్ సమ్ [టీ]?" అని ఎవరైనా అడిగితే జవాబు "నో థ్యాంక్స్, ఐ డోంట్ [డ్రింక్] టీ." టీ చివర ఉన్నా అది ప్రశ్నలో వచ్చేసింది, అందుకే గొంతు అక్కడ పడుకోవాలి. మనం "ఐ డోంట్ డ్రింక్ [టీ]" అంటాం. అప్పుడు "మరేం తాగుతావు?" అనేది తర్వాతి ప్రశ్న అవుతుంది. కస్టమర్ కాల్‌లో దీని బరువు ఇంకా ఎక్కువ. "డిడ్ యు సెండ్ ద బిల్ టు మై [ఈమెయిల్]?" అంటే "నో సర్, ఐ సెంట్ ఇట్ టు యువర్ [ఫోన్]." "ఐ కాన్సిల్డ్ ద [ఫస్ట్] బుకింగ్, నాట్ ద [సెకండ్] బుకింగ్" అనాల్సింది పోయి రెండుసార్లూ [బుకింగ్] మీద పడితే కస్టమర్ కంగారుపడి మళ్లీ అడుగుతాడు.

రెండు, చివర వచ్చే కాలం మాటలు. టుమారో, ఎస్టర్‌డే, నౌ లాంటివి చివర ఉన్నా, వాటిని ప్రత్యేకంగా ఎత్తి చూపాల్సిన పని లేకపోతే ఊనిక వాటికి ముందున్న మాటకి పోతుంది. పైన భీమిలి ఉదాహరణ అందుకే అలా ఉంది.

మూడు, సర్వనామాలు. "వాట్ ఈజ్ యువర్ [నేమ్]?" అన్నది మామూలు ప్రశ్న. "వాట్ ఈజ్ [యువర్] నేమ్?" అంటే మీ పేరు నేను చెప్పేశాను, మరి మీదేమిటి అని. ఇంటర్వ్యూ చేసేవాళ్లని పలకరిస్తూ మొదటిసారే "హౌ ఆర్ [యూ]?" అంటే వాళ్లు మిమ్మల్ని ముందే అడిగినట్టు అవుతుంది. "వేర్ ఆర్ యు [ఫ్రమ్]?" అనేది కాస్త విచిత్రం. చిన్న మాటే అయినా ఊనిక ఫ్రమ్ మీదే పడుతుంది, దాన్ని అలాగే గుర్తుపెట్టుకోవాలి. ఎదురు అడిగేటప్పుడు మాత్రం "వేర్ ఆర్ [యూ] ఫ్రమ్?"

జరిగిన సంఘటనని ఉన్నపళంగా చెప్పే పొట్టి వాక్యాల్లో ఊనిక కర్త మీదకి వెళ్తుంది: "ద [ఫోన్] ఈజ్ రింగింగ్", "మై [బ్యాగ్] ఈజ్ మిస్సింగ్".

జంట పదాల గురించి కొంచెం. రెండు మాటలు కలిసి ఒకే వస్తువు పేరయితే ఊనిక సాధారణంగా మొదటిదాని మీద: [బస్] స్టాప్, [ట్రెయిన్] టికెట్, [స్టీల్] ప్లాంట్. రోడ్డు పేర్లలో రోడ్ మీద: బీచ్ [రోడ్]. స్ట్రీట్‌తో అయితే తిరగబడుతుంది: [మెయిన్] స్ట్రీట్. జగదాంబ [జంక్షన్]. దేంతో చేశారో చెప్పే తిండి పేర్లలో చాలావరకు రెండోదాని మీద, చికెన్ బి[ర్యా]నీ. జ్యూస్ మాత్రం మాట వినదు: [ఆరెంజ్] జ్యూస్.

అంకెల దగ్గర ఆగి చెప్పాలి, డబ్బు పోయేది ఇక్కడే. ఫిఫ్[టీన్], [ఫిఫ్]టీ. విడిగా చెబితే ఊనికే తేడా చూపిస్తుంది. కానీ వెంటనే ఇంకో మాట వస్తే, ఉదాహరణకి "[ఫిఫ్]టీన్ [మినిట్స్]" అన్నప్పుడు, టీన్ మీది ఊనిక వెనక్కి జరిగి ఫిఫ్ మీదకి వస్తుంది. ఇంగ్లీషువాళ్ల నోట్లోనూ ఇంతే. అప్పుడు మిగిలే తేడా సాగిన "ఈ", చివరి "న్" మాత్రమే, ఫోన్ లైన్లో అవి నిలవవు. అందుకే సంఖ్య చెప్పాక అంకెలు విడదీసి మళ్లీ చెప్పండి: "ఫిఫ్[టీన్], వన్ [ఫైవ్]." ఇది మర్యాద కోసం కాదు, భద్రత కోసం పుట్టిన పద్ధతి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక నౌకా సంభాషణ వాక్యాల్లో 150ని "వన్ ఫైవ్ జీరో" అని విడివిడిగానే చెప్పాలని ఉంది. మన పోర్టుకొచ్చే ఓడల మీద వేర్వేరు దేశాలవాళ్లు మాట్లాడుకునే ఇంగ్లీషు ఇదే. మర్చంట్ నేవీకి వెళ్లే పిల్లలు ఈ పద్ధతి నేర్చుకునే వెళ్తారు, కాల్ సెంటర్‌కి వెళ్లేవాళ్లూ నేర్చుకుంటే తప్పేం లేదు.

ఇక సాధన. రోజుకి పావుగంట చాలు, కానీ రోజూ చేయాలి.

మొదటి రెండు వారాలు నోరు విప్పకండి. ఏదైనా ఇంగ్లీషు వార్తల్లోంచో, ఇంటర్వ్యూలోంచో ముప్ఫై సెకన్ల ముక్క తీసుకోండి, దాని పాఠం కాగితం మీద రాసుకోండి. వింటూ ఆగిన చోటల్లా అడ్డగీత గీయండి. గీతకీ గీతకీ మధ్య గొంతు ఎక్కడ తిరిగిందో ఆ ఒక్క మాట చుట్టూ సున్నా చుట్టండి. ఒక ముక్కలో రెండు సున్నాలు వచ్చాయంటే మీరో గీత వదిలేశారు, మళ్లీ వినండి. చెవి పట్టనిదాన్ని నోరు పట్టదు. చాలామంది ఈ దశ దాటేసి నేరుగా అనుకరణకి దిగుతారు, అక్కడే దెబ్బతింటారు.

మూడో వారం నుంచి ముందు మాటలు లేకుండా మూలుగుతూ చెప్పండి: "మ-మ-[మా]-మ". రాగం కుదిరాక మాటలు పెట్టండి. చేతుల్లో ఒక లావు రబ్బరు బ్యాండు పట్టుకుని, సున్నా చుట్టిన మాట దగ్గరే లాగండి. బ్యాండు సాగినంతసేపూ అచ్చు సాగాలి. చేయి లాగుతున్నా అచ్చు సాగకపోతే మీరు మళ్లీ అరుస్తున్నారన్నమాట.

తర్వాత ఫోన్లో రికార్డు చేసి అసలుదాంతో పోల్చి వినండి. కంప్యూటర్ ఉంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. మీ గొంతు ఎక్కిందో దిగిందో గీత గీసి చూపిస్తుంది. అసలు మాటలో గీత ఒకచోట కొండలా లేచి, మీదాంట్లో ఆర్కే బీచ్ ఇసకలా ఉంటే మీరే చూసుకోవచ్చు. ఫ్యాన్ ఆపి రికార్డు చేయండి, లేకపోతే గీత చెడిపోతుంది.

పదంలోని ఊనిక తప్పితే వాక్యంలో ఊనిక సరిగ్గా పెట్టినా లాభం ఉండదు. డిక్షనరీ మొత్తం అక్కర్లేదు. మీ పరిచయంలో వచ్చే ఓ పాతిక మాటలు చూసుకోండి: యూని[వర్]సిటీ, మె[కా]నికల్, ఎలక్[ట్రా]నిక్స్, డె[వె]లప్మెంట్, ఇంజి[నీర్], హో[టెల్]. "షన్"తో, "ఇక్"తో ముగిసే మాటల్లో ఊనిక ఆ ముగింపుకి ముందు అక్షరం మీద పడుతుందని గుర్తుంచుకుంటే చాలా మాటలకి సరిపోతుంది.

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) కూడా రాయాలని చివర్లో అడిగారు. స్పీకింగ్‌లో నాలుగు కొలమానాలు సమానంగా చూస్తారు, ఉచ్చారణ వాటిలో ఒకటి. ఊనిక, లయ అందులోకే వస్తాయి. యాక్సెంట్‌కి మార్కులు తగ్గించరు.

మీరు పంపిన పరిచయం ఇలా విడదీసుకోండి:

అయామ్ ఫ్రమ్ [గాజువాక], / నియర్ ద [స్టీల్] ప్లాంట్. / ఐ స్టడీడ్ మె[కా]నికల్ ఇంజనీరింగ్, / బట్ మై [ప్రాజెక్ట్] / వజ్ ఇన్ [సాఫ్ట్]వేర్.

ఇంజనీరింగ్ మీద ఊనిక వద్దు. మీ బయోడేటా వాళ్ల ముందే ఉంది, ఇంజనీరింగ్ అని వాళ్లకి తెలుసు. మెకానికల్, సాఫ్ట్‌వేర్ ఈ రెండూ ఎదురెదురుగా నిలబడితేనే "మరి ఇటెందుకొచ్చారు?" అనే ప్రశ్న వాళ్ల నోట వస్తుంది, ఆ జవాబు మీరు సిద్ధం చేసుకునే ఉన్నారు కదా. ఇది బట్టీ పట్టి అప్పజెప్పకండి. ఊనిక చోట్లు మాత్రం గుర్తుపెట్టుకుని మాటలు అటూఇటూ మార్చి చెప్పండి. అప్పజెప్పేటప్పుడు ఊనిక అన్నిటికంటే ముందు పోతుంది.

రెండు నెలలకి చదివి వినిపించేటప్పుడూ, సిద్ధం చేసుకున్న జవాబుల్లోనూ ఊనిక కుదురుతుంది. ఆలోచించుకుంటూ మాట్లాడేటప్పుడు జారిపోతూ ఉంటుంది, దానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. అలా జారినప్పుడు వేగం తగ్గించి ముక్కలు చిన్నవి చేయండి. మూడు నాలుగు మాటల ముక్కలో ఊనిక తప్పడం తక్కువ.

ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు పది అంకెలూ ఒకే గుక్కలో చెప్పకండి. మనకి ఐదు, ఐదు అలవాటు. అమెరికన్లకి మూడు, మూడు, నాలుగు. ప్రతి ముక్కలో చివరి అంకె మీద ఊనిక పెట్టి ఆగండి. "డబుల్ నైన్" అనేది మనకీ బ్రిటిష్‌వాళ్లకీ మామూలే, అమెరికన్లకి మాత్రం "నైన్ నైన్" అని విడిగా చెప్పండి. పేరు స్పెల్లింగ్‌కీ ఇదే పద్ధతి. మీ ఇంటిపేరులో పన్నెండు అక్షరాలున్నాయి కాబట్టి మూడేసి చొప్పున నాలుగు ముక్కలు చేసుకోండి.